ఈ గొడుగు వేరు

పాకాల రైలు గేటు దగ్గరి రేకుల దుకాణంలో ఖాజా మొహిద్దీన్ ముప్పై ఆరేళ్ళుగా గొడుగులు బాగుచేస్తున్నాడు. ఈ రోజుల్లో గొడుగు విరిగితే పారేసి కొత్తది కొనుక్కుంటారు గానీ కుట్టించుకునేదెవరని ఎవరైనా అంటే, "వాన రానీప్పా, సూద్దువు" అంటాడు. సెప్టెంబరు నడుమ మొదలయ్యే పెరటాసి నెలలో వాన పట్టుకుందంటే అతని మాటే నెగ్గుతుంది. కమ్మీలు వంగినవి, గుడ్డ చిరిగినవి, బొత్తాం నొక్కితే తెరుచుకోకుండా మొండికేసినవి, అన్నీ వచ్చి ఆ దుకాణం కొక్కేలకు గబ్బిలాల్లా వేలాడతాయి. గుడ్డ కత్తిరించే పెద్ద కత్తెర ఒకటి అతని చేతిసంచిలోంచి ఎప్పుడూ తొంగిచూస్తుంటుంది. మసీదుకు తప్ప ఆ కత్తెర లేకుండా ఎక్కడికీ పోడు. ఈ కథలో జరిగిన రాద్ధాంతానికి సగం కారణం ఆ కత్తెరే. మిగిలిన సగం ఒక మాట.

ఆ రోజు బుధవారం. మామిడితోటల కాపలావాళ్ళ గొడుగులు ఏడు బాగుచేసి, పొద్దున్నే మోపెడ్ మీద అడవి అవతలి పల్లెకు తీసుకుపోయి ఇచ్చాడు ఖాజా. ముందురోజు సాయంత్రం ఉరుములతో పడిన వాన తెల్లారినా పూర్తిగా విడవలేదు. తిరిగివస్తూ, అడవిశాఖవాళ్ళు తెల్లసున్నంతో నంబరు వేసిన పెద్ద రాతిగుండు దగ్గర బండి ఆపి తల తుడుచుకుంటుంటే, గుండు వెనక మట్టిలో తెల్లగా ఏదో కనబడింది. పోయి చూస్తే పుట్టగొడుగులు. ఒకటీ రెండూ కాదు, ముప్పై నలభై ఉంటాయి. కొన్ని ఇంకా ముడిచిన గొడుగుల్లాగే ఉన్నాయి, కొన్ని విచ్చుకున్నాయి. ప్రతిదానికీ నడినెత్తిన గోధుమరంగు మొన ఒకటి, అచ్చం గొడుగు కొన మాదిరి. గొడుగుల మనిషికి ఆ మొన చూస్తే ఆగుతుందా? సంచిలోంచి కత్తెర తీసి, నేలకు ఆనించి ఒక్కొక్క కాడనూ కచక్ కచక్ మని కత్తిరించి, పాత గొడుగు గుడ్డలో మూట కట్టేశాడు. మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. మూట తడవకుండా చొక్కా లోపల పెట్టుకుని బండి ఎక్కాడు.

పుట్టగొడుగుల్ని అలా తేకూడదు. ఆ సంగతి ఖాజాకు తెలియక కాదు. రైల్వేలో కీమ్యాన్‌గా పట్టాల వెంబడి నడిచి నడిచి రిటైరైన చెంగల్రాయుడు అతనికి ఎప్పుడో నేర్పాడు. వాళ్ళిద్దరి స్నేహం ఒక గొడుగు దగ్గర మొదలైంది. గాలికి వెనక్కి తిరగబడిన నల్లగొడుగును పట్టుకుని చెంగల్రాయుడు దుకాణానికి వచ్చిన నాటికి ఇద్దరికీ మీసాలు నల్లగా ఉండేవి. ఆ ఏడాదే వానల్లో ఖాజాను పట్టాల పక్కకు తీసుకుపోయి చూపించాడు.

"మొన సూసి మోసపోవద్దప్పా. పుట్టగొడుక్కి కింద వేరుంటాది. జానెడో మూరెడో లోపలికి పోయి, చెదల పుట్టలో తేలతాది. పుల్లతో తవ్వి వేరుతో సహా ఎత్తాల. వేరుండేది వేరు, లేనిది వేరు. వేరు లేకుండా వొట్టిగా ఊడొచ్చినాదంటే ఆడనే పారెయ్. అది కుక్కగొడుగు."

ఖాజా ముప్పై ఏళ్ళుగా ఆ మాట తప్పలేదు. ఆ రోజు వాన తొందర, చేతిలో కత్తెర, కత్తిరించడానికి అలవాటు పడిన చెయ్యి. తప్పాడు.

మూటను నేరుగా చెంగల్రాయుడి ఇంటికే తీసుకుపోయాడు. సొంత ఇంటికి తీసుకుపోయే పనే లేదు. అతని భార్య రంజాన్‌బీది కార్వేటినగరం. ఆమె పుట్టింట్లో ఆ వస్తువును ఎవరూ ముట్టరు. కాపురానికి వచ్చిన మొదటి ఏడు ఖాజా ఒకసారి తెస్తే, గడప దాటనివ్వకుండా చీపురు అడ్డంపెట్టింది. అప్పటినుంచి ఏర్పాటు ఇది: ఖాజా తెస్తాడు, చెంగల్రాయుడి భార్య గురవమ్మ వండుతుంది, మధ్యాహ్నం చెంగల్రాయుడు ఒక గిన్నెలో సంగటి, కూర పెట్టి దుకాణం కొక్కేనికి తగిలించి పోతాడు. ఖాజా తినేసి, గిన్నె కడిగేసి, పుదీనా ఆకు నమిలి ఇంటికి పోతాడు. ఇచ్చేసి వస్తాడని రంజాన్‌బీకి తెలుసు గానీ తింటున్నాడని తెలియదు. ఊళ్ళో ఎవరికీ భయపడని ఖాజా భార్యకు ఈ ఒక్క విషయంలో భయపడతాడు. మిగతా విషయాల్లో కూడా భయపడతాడు, కానీ ఒప్పుకోడు.

మూట విప్పేసరికి గురవమ్మ మొహం వెలిగింది. పెరటాసి వెంకటేశ్వరుడి నెలని, నెలంతా వాళ్ళింట్లో నీసు వండరు. నెల మధ్యకు వచ్చేసరికి చెంగల్రాయుడు కూరలన్నింటికీ వంకలు పెడుతుంటాడు.

"సరైన టయానికి తెచ్చినావన్నా," అంది. తర్వాత ఒకటి తిరగేసి చూసి, "వేరు యాడ?" అని అడిగింది.

"వాన గదమ్మా. కత్తిరించి తెస్తిని. మొన సూడు, ఎంత బాగుండాదో."

గురవమ్మ మొన చూసింది, ఖాజా మొహమూ చూసింది. ముప్పై ఏళ్ళుగా తెచ్చే మనిషి. "మొన ఉండాదిలే," అని చాట తెచ్చుకుంది. కొబ్బరి, ధనియాలు నూరి, చిన్న ఉల్లిగడ్డలు వేసి చేసిన ఆ కూర వాసన వీధి చివరిదాకా పోయింది. పన్నెండున్నరకు గిన్నె దుకాణం కొక్కేనికి వేలాడింది. ఖాజా తిని, వేళ్ళు నాకి, అల్లాకు కృతజ్ఞత చెప్పుకుని, ఒక గొడుగు కమ్మీని ఈలవేస్తూ సరిచేశాడు. గిన్నె కడగడం మాత్రం మళ్ళీ చూసుకుందామని బల్ల కిందకు తోశాడు.

రెండు గంటలకు రంజాన్‌బీ, ఎప్పుడో తీసుకున్న పిండి జల్లెడ తిరిగిచ్చేద్దామని గురవమ్మ ఇంటికి పోయింది. గురవమ్మ వసారాలో కాళ్ళు చాపుకుని, కడుపునిండిన మనిషి కూర్చునే తీరుగా కూర్చుని ఉంది.

"ఏం వదినా, పొద్దున మా ఆయన తెచ్చిన కుక్కగొడుగులు వండినావా?" అంది రంజాన్‌బీ, మంచినీళ్ళడిగినంత మామూలుగా.

గురవమ్మ కాళ్ళు వెనక్కి తీసుకుంది. "ఏం గొడుగులు?"

"కుక్కగొడుగులే. తడిచొక్కా మార్చుకోను ఇంటికొచ్చినప్పుడు సెప్పినాడు. అడవిలో ఎన్నో ఉండాయంట, ఏరుకొచ్చినాడంట."

"కుక్కగొడుగులా? సరిగ్గా సెప్పు రంజాన్‌బీ."

"సరిగ్గానే సెప్తావుండా. మేమైతే ముట్టం వదినా, మా అమ్మ సచ్చినా ముట్టనియ్యదు. మీరు ఎట్ల తింటారో ఏమో."

గురవమ్మకు పైప్రాణం పైనే పోయింది. కుక్కగొడుగు అంటే తిన్నవాళ్ళను కాటికి పంపేదని ఆమె బుద్ధి తెలిసినప్పటినుంచి విన్నది. వేరు లేకుండా వచ్చిన ముప్పై కాడలు కళ్ళముందు వరసగా నిలబడ్డాయి. ఆమె లేచి, పెరట్లోకి పరుగెత్తి, తిన్నదంతా కక్కేసింది. లోపల పడుకున్న చెంగల్రాయుడు ఆ శబ్దానికి లేచివచ్చి, సంగతి విని, గోడ పట్టుకుని, "నాకూ కళ్ళు తిరగతా ఉండాయే" అని కింద కూర్చున్నాడు. కొడుకు మునికుమార్ అప్పుడే ఆటో ఇంటి ముందు ఆపాడు. తిరుపతిలో ఆటో తోలుతాడు, ఆ పూట సెలవు పెట్టి వచ్చాడు. వాడికి పుట్టగొడుగుల కూర పడదు, దారిలోనే పెరుగన్నం తినేశాడు. వాడొక్కడికే కాళ్ళూ చేతులూ ఆడాయి. అమ్మనూ నాయననూ ఆటోలో కూర్చోబెట్టి, దారిలో దుకాణం ముందు ఆగాడు.

"మామా, మా అమ్మోళ్ళకు ఏం తెచ్చి పెట్టినావు?"

ఖాజా చేతిలోని కమ్మీ జారిపోయింది. ఆటోలో గురవమ్మ తల వేలేసి ఉంది. ఆమె పక్కన కూర్చున్న రంజాన్‌బీ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఖాజా దుకాణం అలాగే తెరిచిపెట్టి, మునికుమార్ పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు గిరిప్రసాద్ కుర్రవాడే గానీ నిదానస్థుడు. ఇద్దరినీ పక్కపక్క మంచాల మీద పడుకోబెట్టి, నర్సు నిస్సీ చేత సెలైన్ ఎక్కించాడు. ఏం తిన్నారని అడిగితే గురవమ్మ, "కుక్కగొడుగులు సార్" అని ఏడ్చింది. నిస్సీ అదే మాట కాగితం మీద రాసింది. రాసేటప్పుడు ఆమె చెయ్యి ఒక క్షణం ఆగడం ఖాజా చూశాడు.

"కొన్ని రకాలు తిన్న గంటా రెండు గంటలకే వాంతులు చేయిస్తాయి. అవి కొంత మేలు," అన్నాడు డాక్టరు. "కొన్ని రకాలు పది గంటలదాకా ఏమీ అనవు. ఆ తర్వాత కాలేయం మీదికి పోతాయి. అదీ నా భయం. తిరుపతికి పంపించేస్తాను. అంబులెన్స్ అక్కడికే పోయి ఉంది, తిరిగి రావడానికి గంటన్నర పడుతుంది. ఈలోపల అది ఏ రకమో తెలిస్తే అక్కడివాళ్ళకు దారి దొరుకుతుంది. కూర మిగిలిందా?"

"తుడిచిపెట్టి తిన్నాం సార్," అన్నాడు చెంగల్రాయుడు.

"తొక్కలు, కాడలు?"

"బర్రె కుడితిలో ఏస్తిని," అంది గురవమ్మ. బర్రెను తలుచుకుని మళ్ళీ ఏడ్చింది.

"మీ ఇద్దరే తిన్నారా?"

ఖాజా నోరు తెరిచాడు. పక్కనే రంజాన్‌బీ నిలబడి ఉంది. చెంగల్రాయుడు మంచం మీదనుంచి అతనివైపే చూస్తున్నాడు. తిన్నానని చెబితే మూడో మంచం మీద పడుకోబెడతారు. ఆ గుండు ఎక్కడుందో, కాడలు ఎక్కడ కత్తిరించాడో ఈ భూమ్మీద తెలిసింది తనొక్కడికే. ఆ ఆలోచనతో నోరు మూసుకున్నాడు. భార్య పక్కనుంది కాబట్టి మూసుకున్నాడా, అడవికి పోవాలి కాబట్టి మూసుకున్నాడా అంటే, రెండూ నిజమే. ఏది ఎంతో అతన్నే అడగాలి.

"సార్, నేను పైన పైన కత్తిరించినాను," అన్నాడు. "మొదళ్ళు భూమిలోనే ఉండాయి. పోయి తవ్వుకోనొస్తా."

చెంగల్రాయుడు తల ఊపాడు. "వేరు సూడప్పా. వేరు యాడిదాకా పోతాదో అంతదాకా తవ్వు. మొననే సూసి రావద్దు." కాస్త ఆగి, "బిన్నా రా, ఆలస్యం సెయ్యొద్దు," అన్నాడు. వేరే ఇంకేదో చెప్పబోయి మానుకున్నాడని ఖాజాకు తెలిసింది.

మునికుమార్ ఇంటికి పోయి ఆటోలో గడ్డపార వేసుకుని వచ్చాడు. ఇద్దరూ బయలుదేరారు. ఆ కుర్రవాణ్ణి వాడు పుట్టిన నాటినుంచి ఖాజా ఎరుగును. బడికి పోయే రోజుల్లో వాడికి ఎర్రగుడ్డతో చిన్నగొడుగు కుట్టిచ్చాడు. ఇవాళ వాడు రోడ్డు తప్ప ఇంకేదీ చూడడం లేదు. గడ్డపార గుంతల్లో ఎగిరిపడుతుంటే ఖాజా కాలితో అదిమిపట్టుకున్నాడు.

"గడ్డపార పట్టుకోని అడవిలోకి పోతే ఎర్రచందనం దొంగలని పట్టుకుంటారు," అన్నాడు మునికుమార్.

"పట్టుకుంటే నన్ను పట్టించు నాయనా."

"మా అమ్మకేమన్నా అయితే నేనే పట్టిస్తా మామా."

ఖాజాకు కోపం రాలేదు. వాడి స్థానంలో తనున్నా అదే అనేవాడు. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో తిన్న తిండి గుర్తుకొచ్చింది. రంజాన్‌బీకి కాన్పు కష్టమైన రోజున చెంగల్రాయుడు డ్యూటీ మానేసి ఆసుపత్రి గుమ్మంలో కూర్చున్నాడు. అలాంటి ఇంటికి తన చేత్తో విషం మోసుకుపోయి ఇచ్చానేమో అనుకున్నాడు. సరిగ్గా అప్పుడే అతని కడుపులో గుడగుడమంది. భయమో, కూరో తెలియలేదు. మొహం పక్కకు తిప్పుకుని, కలిమా చదువుకుంటూ, కడుపును చేత్తో నొక్కిపట్టుకున్నాడు. తను పోయినా ఫరవాలేదు, వాళ్ళిద్దరూ ఉంటే చాలని అనుకున్నాడు. ఆ మాట ఊరికే కాదు, నిజంగానే అనుకున్నాడు.

గుండు దగ్గర ఆటో ఆగింది. వాన వెలిసి, నీరెండ కాస్తోంది. ఖాజా గబగబా గుండు వెనక్కి పోయాడు. ఏమీ కనబడలేదు. గడ్డి, రాలిన ఆకులు, ఎర్రమట్టి. గుండు ముందుకు తిరిగివచ్చి నంబరు మళ్ళీ చూశాడు.

"ఇదేనా మామా?"

"ఇదే. నంబరు ఇదే."

రెండడుగులు పక్కకు వేసేసరికి తెల్లగా ఏవో నాలుగు గొడుగులు కనబడ్డాయి. ఖాజా వంగి ఒకదాన్ని పట్టుకున్నాడు. పట్టుకోవడమే ఆలస్యం, ఊడి చేతిలోకి వచ్చేసింది. కాడ మొదట్లో ఉల్లిగడ్డలాంటి బుడిపె, దానికి నాలుగు మట్టిబెడ్డలు, అంతే. వేరు లేదు. కాడ నడుమ ఉంగరంలాగా ఒక చుట్టు. తిప్పి చూస్తే గొడుగు కింది మడతలు పాచిపట్టినట్టు పచ్చగా ఉన్నాయి. ఖాజా ఉన్నచోటే కూలబడ్డాడు.

"ఇవేనా నువ్వు తెచ్చింది?" అన్నాడు మునికుమార్.

పొద్దున తన చేతిలో ఉన్న కాడకు ఉంగరం ఉందా? పచ్చదనం ఉందా? మొన ఉంది. మొన ఉన్నట్టే గుర్తు. చేతిలో ఉన్న దాని నడినెత్తి తడిమాడు. గోధుమరంగు పెచ్చులున్నాయి గానీ మొన లేదు, నున్నగా ఉంది. మళ్ళీ తడిమాడు. గొడుగుల కొనల్ని కళ్ళు మూసుకుని తొడగగలిగిన వేళ్ళు అవి. వేళ్ళు అబద్ధం చెప్పవు.

"ఇవి కాదు. వీటికి కొన లేదు," అని లేచి నిలబడ్డాడు. "నేను కత్తిరించినవాటికి మొదళ్ళుండాల. ఎతుకు నాయనా."

ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని ఆకులు తొలగించారు. నాలుగు బారల అవతల, ఆకుల కింద, ముప్పై తెల్లటి చుక్కలు బయటపడ్డాయి. గుడ్డ కత్తిరించినంత నున్నగా, నేలకు సమంగా కత్తిరించిన కాడలు. ఆ కోత పాకాల మొత్తంలో ఒక్క కత్తెరదే. మునికుమార్ గడ్డపార ఎత్తాడు. ఖాజా వద్దని, చుట్టూ వదులు చెయ్యమని, తను వేళ్ళతో మట్టి తోడడం మొదలుపెట్టాడు.

కాడ వేలెడు లోతున తెగుతుందేమోనని చూశాడు. తెగలేదు. జానెడు పోయింది. కింద సన్నబడి, నల్లబడి, ఎలుకతోకలాగా మట్టిలోకి ఇంకా పోతూనే ఉంది. మునికుమార్ గడ్డపార పక్కన పడేసి వాడూ చేతులు పెట్టాడు. ఇద్దరి తలలూ గుంట మీద తగులుకున్నాయి. మూరెడు లోతున మట్టి ఒక్కసారిగా గుల్లబారి, కింద తేనెతుట్టెలాంటి బూడిదరంగు గూడు బయటపడింది. దాని మీద తెల్లటి చెదలు కంగారుపడి పరుగులు తీశాయి. వేరు వచ్చి ఆ గూటిలోనే ఆగింది.

"చెదలు," అన్నాడు ఖాజా. "చెదలు నాయనా. సూడు, చెదలు."

బతుకులో చెదల్ని చూసి అంత సంతోషపడిన మనిషి ఉండడు. మునికుమార్ మట్టిచేతులతోనే మొహం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఖాజా వాడి వీపు నిమిరాడు. కడుపులో గుడగుడ ఎప్పుడు ఆగిందో అతనికి తెలియలేదు.

గూడు ముక్కతో సహా రెండు పుట్టగొడుగు వేళ్ళు ఒక గుడ్డలో, ఊడొచ్చిన ఉంగరం గొడుగు వేరే గుడ్డలో కట్టుకుని తిరిగివచ్చారు. వచ్చేటప్పుడు ఆటో గుంతల్లో పడినా ఎవరికీ పట్టలేదు. మునికుమార్ మాత్రం, "మామా, ఆ మాట మనసులో పెట్టుకోవద్దు," అన్నాడు. "ఏ మాట?" అన్నాడు ఖాజా, నిజంగానే మరిచిపోయినట్టు.

డాక్టరు గిరిప్రసాద్ రెంటినీ తెల్లకాగితం మీద పరిచి, అన్నివైపులా ఫోటోలు తీసి, తిరుపతిలో వృక్షశాస్త్రం చెప్పే మునిచంద్ర అనే మాస్టరుకు పంపాడు. పది నిమిషాలకు ఫోన్ వచ్చింది. గూడు కనబడేలా ఇంకో ఫోటో పంపమన్నాడాయన. అదీ పోయింది. రంజాన్‌బీ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, వరండా గోడకు ఆనుకుని దువా చేస్తోంది. అంబులెన్స్ గేట్లోకి వచ్చి నిలబడింది. అప్పుడు ఫోన్ మళ్ళీ మోగింది. డాక్టరు వింటూ వింటూ కుర్చీలో వెనక్కి వాలాడు. అలా వాలడం చూసిన వెంటనే ఖాజాకు ప్రాణం లేచివచ్చింది.

"వేరుతో చెదల గూట్లోంచి వచ్చింది పుట్టగొడుగే. నిక్షేపంగా తినేదే," అన్నాడు డాక్టరు. "ఆ ఉంగరం ఉన్నదే చెడ్డది. తిన్నది అది కాదుగా?"

"కాదు సార్. దానికి కొన లేదు," అన్నాడు ఖాజా.

"తెల్లారేదాకా ఇద్దరినీ ఇక్కడే ఉంచి చూస్తాను. నా తృప్తి కోసం. అంబులెన్స్ అక్కర్లేదు." తర్వాత గురవమ్మ మంచం దగ్గరికి వచ్చాడు. "ఏమ్మా, వాంతులు ఎప్పుడు మొదలయ్యాయి? తిన్న ఎంతసేపటికి?"

గురవమ్మ ఆలోచించింది. "రంజాన్‌బీ ఆ మాట అన్నాక సార్."

"దానికి ముందు?"

"బాగుంటిని. కమ్మగా ఉండె," అని ఒప్పుకుని సిగ్గుపడింది.

"మీకు కళ్ళు తిరిగింది?"

"ఈమె కక్కినాక," అన్నాడు చెంగల్రాయుడు, పైకప్పు చూస్తూ.

అందరూ రంజాన్‌బీ వైపు తిరిగారు. ఆమె బిత్తరపోయింది. "నేనేమంటిని? మా ఆయన తెచ్చినవాటి పేరే కదా అన్నాను."

నిస్సీకి ఏదో తట్టింది. "అమ్మా, మీ ఇంట్లో ఉర్దూలో వీటిని ఏమంటారు?" అని పుట్టగొడుగు వేరును చూపించింది.

"కుత్తే కీ ఛత్రీ."

"మరి దీన్ని?" ఉంగరం ఉన్నదాన్ని చూపించింది.

"అదీ కుత్తే కీ ఛత్రీనే. అన్నిటికీ అదే పేరు. మా అమ్మ అదే అంటాది, మా నానమ్మ అదే అనింది." రంజాన్‌బీ గురవమ్మ మొహం, నిస్సీ మొహం మార్చి మార్చి చూసింది. "కుత్తా అంటే కుక్క. ఛత్రీ అంటే గొడుగు. తెలుగులో చెప్పినాను. తప్పా?"

మొదట నవ్వింది గురవమ్మే. సెలైన్ గొట్టం ఊగేలా నవ్వింది. "నీ ఉర్దూ పాడుగాను, నా పేగులన్నీ నోట్లోకొచ్చినాయి గదే," అని కళ్ళు తుడుచుకుంది. రంజాన్‌బీ మాత్రం నవ్వలేదు. తన మాట ఎంత పని చేసిందో అప్పుడే అర్థమై, గురవమ్మ మంచం పట్టుకుని ఏడ్చేసింది. "నాకు తెలీదు వదినా. మీకు రెండు పేర్లు ఉండాయని ఎవరూ చెప్పలేదు." గురవమ్మ ఆమె తలను దగ్గరికి తీసుకుంది.

నిస్సీ కాగితం మీద కుక్కగొడుగు అన్న మాట కొట్టేసి, పైన పుట్టగొడుగు అని రాసింది. "తిన్నవాళ్ళు ఇద్దరేనా? తెల్లారేదాకా చూడాలి కాబట్టి అడుగుతున్నా."

చెంగల్రాయుడు దగ్గాడు. "ఇంకో మనిషి కూడా తిన్నాడు. సెప్పప్పా ఖాజా. ఇంక దాచేదేముంది."

ఖాజా తన మట్టికాళ్ళను చూసుకున్నాడు.

"అజీ," అంది రంజాన్‌బీ, లేచి నిలబడి. "మీరు తిన్నారా?"

"తిన్నాను."

"ఇవాళేనా?"

"ముప్పై ఏళ్ళుగా," అన్నాడు చెంగల్రాయుడు, స్నేహితుడికి సాయం చేస్తున్నాననుకుని.

చీపురు అడ్డంపెట్టిన ఆ ఇల్లాలు ఇప్పుడు ఏం చేస్తుందోనని అందరూ చూశారు. ముప్పై ఏళ్ళ మోసం గురించి ఆమె ఒక్క మాటా అనలేదు. ఆమె వేళ్ళమీద గంటలు లెక్కపెడుతోంది. మధ్యాహ్నం తిన్నాడు. తర్వాత ఇక్కడికొచ్చాడు. డాక్టరు కాలేయం సంగతి చెబుతుంటే పక్కనే నిలబడి విన్నాడు. వింటూనే గడ్డపార పట్టుకుని అడవికి పోయాడు.

"కడుపులో అది పెట్టుకోనే పోయినారా?" అంది.

"ఆ తావు నాకే తెలుసు," అన్నాడు ఖాజా.

డాక్టరు గిరిప్రసాద్ నవ్వాపుకుంటూ మూడో మంచం చూపించాడు. ఖాజా ఎదురుచెప్పకుండా ఎక్కి పడుకున్నాడు. వీపు పరుపుకు ఆనేసరికి ఒళ్ళంతా వదులైపోయింది. పక్క మంచం మీదనుంచి చెంగల్రాయుడు చెయ్యి చాపి అతని చెయ్యి పట్టుకున్నాడు. దూరంగా మసీదులో సాయంత్రపు మగ్రిబ్ అజాన్ మొదలైంది. మునికుమార్ దుకాణం మూసిరావడానికి పోయి, బల్ల కింద దొరికిన గిన్నె పట్టుకొచ్చాడు. అడుగున కాస్త కూర ఎండిపోయి అంటుకుని ఉంది.

రంజాన్‌బీ ఆ గిన్నె అందుకుని, చాలాసేపు దాని అడుగు చూసింది. తర్వాత వచ్చి భర్త కాళ్ళ దగ్గర కూర్చుంది.

"వచ్చే వానకు నాకూ రెండు ముద్దలు పెట్టాల," అంది. "మీరొక్కరే పోతే దుకాణంలో ఆ గొడుగులన్నీ నేనేం చేసుకునేది?"

"ఏం కూర వండమంటావు రంజాన్‌బీ, పేరు సెప్పు," అంది గురవమ్మ అవతలి మంచం మీదనుంచి, అప్పుడే మళ్ళీ నవ్వొస్తుంటే.

రంజాన్‌బీ నోట్లో ఆ మాటను ఒకసారి సరిచూసుకుంది.

"పుట్ట," అని ఆగి, "పుట్టగొడుగు," అంది.